రాబర్టో క్లెమెంటే

పువ్వు పుట్టగనే పరిమళించునని మనవారు చెప్పుదురు. ఈ సామెత యెల్లచోట్లను నిజమే యగునేని బాలుర భవిష్యత్తును గూర్చి పెద్దలు వాదులాడ నక్కఱలేదు, చూచినంతనే తెలిసిపోవలసినది. లోకమున జరుగుచున్నది మాత్రమట్లు కాదు. పాఠశాల యాటస్థలమున నొక బాలుడు నాలుగు బంతులను చక్కగా గొట్టినచో, చుట్టును నిలిచినవారిలో నొకరు వీడు ముందు గొప్ప యాటగాడగునని చెప్పుటయు, మఱియొకరు అది గాలివాటమని త్రోసివేయుటయు మనమెఱిగినదే. అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఈ వాదము మిక్కిలి పెద్దది. అచ్చట బేస్‌బాల్ అను బంతియాట జనులకు ప్రాణప్రదము. ఏటేట వసంతకాలమున ఆట యారంభమగుటకు ముందే, క్రొత్తగా వచ్చిన యువకులలో నెవడు నిలుచును, ఎవడు రాలిపోవును అని రైలుబండ్లలోను, పత్రికలలోను, భోజనపు బల్లలయొద్దను వాదములు చెలరేగును. ఒక్కొక్క యువకుని పక్షమున కొందఱును, ప్రతిపక్షమున కొందఱును నిలిచి, అతడింకను ఆడని యాటలను గూర్చి పోరాడుదురు. అట్టి వాదమునకు గురియై, ఇరుపక్షముల లెక్కలను దప్పించి, తుదకు ఏ లెక్కకును అందని కార్యమున ప్రాణములు గోల్పోయిన యొక పురుషుని చరిత్రమును మేమిచ్చట సంగ్రహముగా వ్రాయబూనితిమి. అతని పేరు రాబర్టో క్లెమెంటే.

కథ చెప్పుటకు ముందు ఆటను గూర్చి రెండు మాటలు చెప్పుట యవసరము. మన విద్యార్థులకు క్రికెట్టు తెలియును. బేస్‌బాల్ దానికి జ్ఞాతి వంటిది. ఇందును బంతి విసరువాడొకడు, బ్యాటుతో గొట్టువాడొకడు. విసరువాడు 60 అడుగుల 6 అంగుళముల దూరమున నిలిచి, బంతి నేలను దాకకుండ నేరుగా విసరును. అది కొట్టువానిని జేరుటకు అర సెకను కాలమైనను పట్టదు. ఆ లోపలనే అతడు బంతి యెట్టిదో గుర్తించి, కొట్టవలయునో విడువవలయునో నిశ్చయించి, బ్యాటు నాడింపవలెను. బంతిని గొట్టి, ప్రతిపక్షమువారికి జిక్కకుండ మొదటి మజిలీకి బరుగెత్తి చేరెనేని అది యొక మంచి దెబ్బగా లెక్కింపబడును. వేయిసార్లు ప్రయత్నించినచో నెన్నిసార్లు మంచి దెబ్బ కొట్టగలడో ఆ సంఖ్యయే కొట్టువాని సగటు. వేయింటికి 300 దెబ్బలు కొట్టినవానిని ఘనుడందురు; 250 కొట్టినవానిని సామాన్యుడందురు. అనగా పదిసార్లలో ఏడుసార్లు విఫలుడైనవాడు ఈ యాటలో ఘనుడు! ఘనునికిని సామాన్యునికిని నడుమ నుండునది ఇరువది ప్రయత్నములలో నొక్క దెబ్బయే. ఇంత స్వల్పమైన యంతరమును ఒక యువకుని యందు ముందుగనే కనుగొనుట ఎంత దుర్లభమో చదువరులే యూహింపవచ్చును.

రాబర్టో క్లెమెంటే 1934వ సంవత్సరము ఆగస్టు 18వ తేదీన కరీబియను సముద్రములోని ప్యూర్టో రికో ద్వీపమున, కరోలినా యను పట్టణమునకు జేరిన సాన్ ఆంటోన్ అను పేటలో జన్మించెను. ఆ ద్వీపము 1898లో స్పెయిను దేశమువారినుండి అమెరికావారి వశమయ్యెను. ద్వీపవాసుల భాష స్పానిషు. ఇతని తండ్రి మెల్కోర్ క్లెమెంటే చెఱకు తోటలలో కూలివారిపై మేస్త్రీగా నుండెను. తల్లి లూయిసా కష్టజీవి, దైవభక్తి గలది. ఏడుగురు సంతానములో రాబర్టోయే కడగొట్టువాడు. ఇల్లు కలిమి గలది కాకున్నను క్రమశిక్షణ గలది. ఇతడు చిన్ననాట సైకిలు కావలెనని కోరగా, తండ్రి దానిని సంపాదించుకొమ్మని చెప్పెననియు, బాలుడు ప్రతిదినము తెల్లవాఱుజామున పొరుగింటికి పాలబిందె మోసి, చిల్లర కాసులు కూడబెట్టి, చాలకాలమునకు పాత సైకిలొకటి కొనుక్కొనెననియు చెప్పుదురు. ఫలమునకై యోపికతో కాచుకొనుట ఇతడు నేర్చుకొన్న మొదటి పాఠము ఇదియే.

బాల్యమునుండియు ఇతనికి బంతియాట యనిన వల్లమాలిన ప్రీతి. చేతిలో నెప్పుడును రబ్బరు బంతి నొకదానిని పట్టుకొని పిసుకుచుండువాడు. శీతకాలమున అమెరికానుండి ప్యూర్టో రికోకు ఆడుటకై వచ్చుచుండిన మాంటీ ఇర్విన్ అను నీగ్రో యాటగాని జూచుటకై రాజధానియగు సాన్ హువాన్ నగరమునకు బోయి, అతని విసురును, నడకను, నిలుకడను కన్నులార గ్రహించుచుండెను. ఉన్నత పాఠశాలలో జదువునపుడు ఈటె విసరుటలో గూడ పేరు పొందెను. దానివలన కుడిచేతికి గలిగిన బలము తరువాత బంతి విసరుటయందు అక్కఱకు వచ్చినది.

ఇతని ప్రతిభను మొట్టమొదట గుర్తించినవాడు ధనికుడు గాడు, పత్రికా రచయిత గాడు. రాబర్టో మారిన్ అను నొక యుపాధ్యాయుడు. ఈ సంగతి మా యుపాధ్యాయ మిత్రులు గమనింపదగినది. మారిన్ ఇతనిని తన జట్టులో జేర్చుకొని యాడించి, తరువాత సాంతుర్సే జట్టు యజమాని యగు పెడ్రిన్ జోరియా కడకు గొనిపోయెను. 1952లో, పదునెనిమిదేండ్ల ప్రాయమున, ఇతడు ఆ జట్టులో జేరెను. మొదటి సంవత్సరము ఆడినదానికంటె బల్లపై గూర్చుండి చూచినదే హెచ్చు. ఆ యేడే బ్రూక్లిన్ డాడ్జర్సు అను ప్రసిద్ధమగు అమెరికా జట్టువారు తమ పరీక్షకుడగు ఆల్ కంపానిస్‌ను పంపి, ఆ ద్వీపములోని బాలురను బరీక్ష చేయించిరి. వచ్చిన పెక్కుమందిలో క్లెమెంటే విసురును, పరుగును, బ్యాటు విసవిసలను జూచి కంపానిస్ అబ్బురపడెను.

యువకుల బరీక్షించువారు సామాన్యముగా ఐదు గుణములను జూతురు. పరుగు, విసురు, బంతిని బట్టు నేర్పు, బంతిని దగులగొట్టు నేర్పు, దూరముగా గొట్టు బలము అనునవి యా యైదు. వీనిలో పరుగును విసురును ఒక్క పూటలో గడియారముతోను కంటితోను కొలువవచ్చును. బంతిని దగులగొట్టు నేర్పు మాత్రము అట్లు తేలదు. ఏలయన, అది యొంటిగా నుండు గుణము గాదు. విసరువాడు నేడు నీ లోపమును గనిపెట్టును. ఎల్లుండి ఆ లోపమునకే గుఱిపెట్టి విసరును. నీవు దానిని దిద్దుకొందువేని అతడు వేఱొకటి వెదకును. కావున ఈ నేర్పు పోరులోనే పెరుగును గాని పరీక్షలో గనబడదు. యువకులగు కొట్టువారిని గూర్చిన వాదములు తెగకుండుటకు ముఖ్యకారణ మిదియే.

1954వ సంవత్సరము ఫిబ్రవరి 19వ తేదీన డాడ్జర్సువారితో ఇతనికి ఒడంబడిక కుదిరెను. సంవత్సరపు జీతము 5,000 డాలర్లు. చేరినందులకు బహుమానము 10,000 డాలర్లు. పిమ్మట మిల్వాకీ జట్టువారు అంతకు మిక్కిలిగా నిత్తుమని కబురంపిరి. యువకుడు తల్లి నడిగెను. మాట యిచ్చితివి గనుక మాట నిలుపుకొమ్మని యామె చెప్పగా, అతడు వేఱు మాట లేక డాడ్జర్సువారి పక్షముననే నిలిచెను.

అప్పట నొక నిబంధన యుండెను. 4,000 డాలర్లకు మించి పుచ్చుకొన్న క్రొత్తవానిని పెద్ద జట్టుననే యుంచుకొనవలెను. చిన్న జట్టునకు బంపినచో, ఏడాది చివర ఇతర జట్టులవారు వానిని 4,000 డాలర్లకు దీసికొని పోవచ్చును. ధనిక జట్టులు బాలురనెల్ల గొని దాచుకొనకుండుటకై యిది యేర్పడెను. డాడ్జర్సువారు ఆ కాలమున మహాబలవంతులు. వారి జట్టున ఖాళీ లేదు. కావున ఇతనిని కెనడా దేశములోని మాంట్రియల్ నగరమున నున్న తమ చిన్న జట్టునకు బంపిరి. అచ్చటి చలి, తెలియని భాషలు, ఒంటరితనము ఇతనిని గృశింపజేసెను. అంతకంటె దుఃఖకరమైనది, ఆట దొరకకుండుట. ఒకనాడు బాగుగా గొట్టినచో మఱునాడు కూర్చుండబెట్టుదురు. ఇతరుల కంటబడకుండ తన్ను దాచుచున్నారని ఇతడు కడవఱకు నమ్మెను. తరువాతి కాలమున ఆ లెక్కలను శోధించినవారిలో కొందఱు, అప్పటి మేనేజరు విసరువాని చేతివాటమును బట్టి మాత్రమే యాటగాండ్రను మార్చుచుండెనని యందురు. ఎట్లైనను, ఆ యేడు ఇతడు 87 ఆటలలో 148 సార్లు బ్యాటు పట్టి 38 దెబ్బలు కొట్టెను. సగటు వేయింటికి 257. ఈ సంఖ్యను జూచినవారు ఇతడు సామాన్యుడని చెప్పియుందురు. కాని మఱి ఏడు దెబ్బలు తగిలియున్నచో ఆ సగటు 300 దాటియుండెడిది. ఒక వేసవిలో ఏడు దెబ్బలు! గాలి యొకింత మాఱినను, పట్టువాడొక యడుగు తప్పినను కలుగు భేదమది. దానిని బట్టి యొక యువకుని జీవితమును నిర్ణయించుట ఎట్లు?

ఆ యేటి ఆటలలో పిట్స్‌బర్గు పైరేట్సు అను జట్టు 53 గెలిచి 101 ఓడి, తమ లీగునందు కడపట నిలిచెను. కడపటివారికి ఎన్నుకొనుటలో మొదటి యధికారము. వారి యధికారి బ్రాంచ్ రిక్కీ; 1947లో జాకీ రాబిన్సన్ అను నీగ్రో యాటగానిని పెద్ద జట్టులలో ప్రవేశపెట్టి జాతిభేదపు గోడను బడగొట్టినవాడు ఇతడే. రిక్కీ తన పరీక్షకుడగు క్లైడ్ సుకెఫోర్తును మఱియొక యాటగానిని జూచుటకై పంపగా, సుకెఫోర్తు ఆటకు ముందు అభ్యాసము చేయుచున్న క్లెమెంటే విసురును జూచి, వచ్చిన పని మఱచిపోయెను. ఇతనిని జాగ్రత్తగా జూచుకొనుడని, ఏడాది చివర మేము తీసికొనిపోదుమని మాంట్రియల్ మేనేజరుతోనే చెప్పి వెడలెనట! 1954 నవంబరు 22వ తేదీన పిట్స్‌బర్గువారు 4,000 డాలర్లు చెల్లించి క్లెమెంటేను గైకొనిరి.

ఇచ్చట నొక వింత చెప్పవలెను. 1955 జనవరిలో రిక్కీ స్వయముగా ప్యూర్టో రికోకు బోయి ఇతని యాటను జూచి, తన యభిప్రాయమును వ్రాసికొనెను. బ్యాటు పట్టి నిలుచు తీరును మెచ్చెను. పరుగును జూచి నిరాశ చెందెను. పెద్ద జట్టున నాడుటకు ఇతడింకను సిద్ధముగా లేడని తలచెను. అయినను నిబంధన ననుసరించి ఇతనిని క్రింది జట్టునకు బంపుటకు వీలులేక, తమయొద్దనే యుంచుకొనవలసి వచ్చెనని చింతించెను. ఏ పరుగును జూచి కంపానిస్ అబ్బురపడెనో ఆ పరుగును జూచియే రిక్కీ పెదవి విఱిచెను. ఇరువురును ఆ విద్యలో నారితేఱినవారే. తలపండిన పండితులకే ఇట్టి భేదమున్నచో, ప్రేక్షకుల వాదములను గూర్చి చెప్పనేల?

1955 ఏప్రిల్ 17వ తేదీన క్లెమెంటే పిట్స్‌బర్గున మొదటి యాట యాడెను. ఆ యేటి సగటు 255. ఆ నగరపు ప్రేక్షకులు రెండు పక్షములైరి. ఒక పక్షమువారు అతని విసురును, బంతికై ప్రాణములకు దెగించి పరుగెత్తుటను, బ్యాటు మెఱుపును జూచి, ఇతడు మహావీరు డగునని చెప్పిరి. రెండవ పక్షమువారికి లోపములు కనబడెను. ఇతడు విడువవలసిన బంతులను గూడ కొట్టబోవును. మొదటి యేడు 474 ప్రయత్నములలో నతడు కొట్టిన పెద్ద దెబ్బలు, అనగా హోం రన్‌లు, ఐదు మాత్రమే. బంతి వచ్చునపుడు తల యెగురవేయును. నొప్పులని తఱుచుగా జెప్పును. ఈ లోపములన్నియు నిజమే. 1954 శీతకాలమున, మరణశయ్యపై నున్న యన్నను జూచి వచ్చుచుండగా, త్రాగి బండి నడుపుచున్న వాడొకడు ఇతని కారును ఢీకొనెను. దానివలన వెన్నెముకకు దెబ్బ తగిలి, జన్మాంతము బాధించెను. నొప్పి కనబడునది గాదు. కనుక దానిని సోమరితనమనిరి.

మఱికొన్ని భారములు లెక్కలలోనికి రాలేదు. ఫ్లోరిడాలో అభ్యాసము చేయునపుడు నల్లవారికి వేఱు బస. తెల్లవారు భోజనశాలలో దినుచుండగా నల్లవారు బస్సులో గూర్చుండవలెను. తన ద్వీపమున నెన్నడు నిట్టి యవమానమెఱుగని క్లెమెంటే దీనిని సహింపక ఎదిరించి మాటలాడెను. అతని యింగ్లీషు క్రొత్తది. పత్రికలవారు అతని యుచ్చారణను వెక్కిరించునట్లు అక్షరములు కూర్చి యచ్చువేయుచు వచ్చిరి; పేరును గూడ బాబీ యని మార్చి వ్రాసిరి. తన పేరు రాబర్టో యని అతడు పలుమాఱు చెప్పవలసి వచ్చెను. భాష రానివానిని బుద్ధి లేనివానిగా దలచుట లోకమున నెల్లచోట్ల గల తప్పు. ఇంటి భాష యొకటియు, బడి భాష యొకటియునైన మన బాలుర విషయమున మనము దీనిని మఱవరాదు.

1956లో ఇతని సగటు 311కు బెరిగెను. ఆ యేడు జూలై 25వ తేదీన చికాగో జట్టుతో జరిగిన యాటలో తన జట్టు మూడు పరుగులు వెనుకబడి, మూడు మజిలీలయందును తనవారు నిలిచియుండగా, ఇతడు మొదటి బంతినే మైదానపు మూలకు గొట్టి పరుగు తీసెను. మూడవ మజిలీకడ నిలువుమని మేనేజరు చేతులు చాచి వారించినను లక్ష్యపెట్టక, ఇంటి మజిలీవఱకు బరుగెత్తి చేరి 9–8గా నాటను గెలిపించెను. రిక్కీ పెదవి విఱిచిన పరుగు ఇదియే! మొదటి పక్షమువారు విజయోత్సాహమున నుప్పొంగిరి. కాని మఱుసటి యేడు వెన్నునొప్పి హెచ్చి, విసరువారును ఇతని లోపములను గనిపెట్టుటచే, సగటు 253కు బడిపోయెను. ఈసారి రెండవ పక్షమువారి వంతు. ఇట్లు ఐదేండ్లు గడచెను. ఏ పక్షము గెలిచినదో చెప్పుటకు వీలులేకపోయెను.

వాదించువా రెఱుగని దేమనగా, ఈ యైదేండ్లును వ్యర్థములు గావు. డాడ్జర్సువంటి విజేతల జట్టున సగటు 253కు బడిన యువకునికి రెండవ సంవత్సరము దొరకుట దుర్లభము. పిట్స్‌బర్గువారు ఓడిపోవుచుండినవారగుటచే, తప్పులు చేయుటకు ఇతనికి చోటు దొరకెను. రిక్కీ చింతించిన నిర్బంధమే ఇతనికి మేలయ్యెను. ఈ కాలముననే వాషింగ్టన్ జట్టువారు 1954లో హార్మన్ కిల్లెబ్రూ అను పదునేడేండ్ల బాలుని గైకొనిరి. అదే నిబంధనచే అతడును పెద్ద జట్టున బల్లపై గూర్చుండెను. ఐదేండ్ల వఱకు అతడు పనికిరాడని యనేకులు తలచిరి. 1959లో నిలుకడగా నాడనిచ్చినంతనే 42 హోం రన్‌లు కొట్టెను; జీవితమున మొత్తము 573. ఇట్లే గొప్ప బహుమానములు గొని వచ్చి, పేరు లేక యిండ్లకు మరలిన యువకులును పలువు రుండిరి. కాలమిచ్చిన ప్రతివాడును గొప్పవాడు కాడు. కాని కాలమియ్యనిదే ఎవడు గొప్పవాడో తెలియదు.

1958లో ఆటకాలము ముగిసిన పిదప క్లెమెంటే నౌకాదళ సైన్యమున (మెరైన్ కోర్) శిక్షణ పొందెను. ఆ కఠినాభ్యాసము వెన్నునకు బలమిచ్చెను. 1960లో అతని సగటు 314. ఆ యేడు పిట్స్‌బర్గువారు న్యూయార్కు యాంకీలను జయించి జగజ్జెట్టీలైరి. ఆ యేడాటలలో ప్రతిదానియందును ఇతడు దెబ్బ కొట్టెను. కాని ఆ సంవత్సరపు ఉత్తమ క్రీడాకారుని నెన్నుకొనుటలో పత్రికా రచయితలు ఇతనికి ఎనిమిదవ స్థానమిచ్చిరి. ఈ గాయము చాలకాలము మానలేదు. ఇట్టి తఱి కొందఱు నోరు పారవైచుకొందురు. కొందఱు చేయి దించివేయుదురు. క్లెమెంటే బాధను దాచుకొనలేదు గాని పని నాపలేదు. పూర్వకాలపు మహాక్రీడాకారుడగు జార్జి సిస్లర్ ఆ జట్టున బ్యాటింగు గురువుగా నుండెను. అతని బోధనచే క్లెమెంటే తల యెగురవేయుట మాన్పుకొని, బ్యాటు వడిని మట్టుపఱచుకొనుటకై మునుపటికంటె బరువైన బ్యాటు పట్టెను. 1961లో సగటు 351, లీగునందు ప్రథమస్థానము. అప్పటి కతనికి ఇరువదియేడేండ్లు.

ఆ పిమ్మట 1964లో 339, 1965లో 329, 1967లో 357 సగటులతో మరల మూడుసార్లు ప్రథముడయ్యెను. 1966లో 29 హోం రన్‌లు కొట్టి ఉత్తమ క్రీడాకారుడుగా నెన్నుకొనబడెను. బంతిని బట్టుటయందు 1961 మొదలు 1972 వఱకు పండ్రెండేండ్లు వరుసగా బంగారు చేతొడుగు బహుమానమును బొందెను. విడువవలసిన బంతులను గొట్టు నలవాటు మాత్రము తుదివఱకు పోలేదు! ప్రతిపక్షమువారు చూపిన లోపములలో కొన్ని దిద్దబడెను; కొన్ని నిలిచిపోయి యతని బలముగా మాఱెను. లోపమని తోచిన దెల్ల లోపము గాదనుటకు ఇది దృష్టాంతము.

1964లో ఇతడు తన యూరి కన్యయగు వేరా సబాలాను వివాహమాడెను. మువ్వురు కుమారులు గలిగిరి. 1971లో ముప్పదియేడేండ్ల వయసున, బాల్టిమోరు జట్టుతో జరిగిన జగజ్జెట్టి పోటీలో ఏడాటలయందును దెబ్బలు కొట్టి, 414 సగటు సాధించి, ఆ పోటీకి ఉత్తమ క్రీడాకారుడయ్యెను. దేశమంతయు టెలివిజనులో జూచుచుండగా, ఇంగ్లీషున మాటలాడుటకు ముందు, ఇంటనున్న తల్లిదండ్రులకు స్పానిషు భాషలో నమస్కరించి వారి దీవెన గోరెను. ఏ భాషకై యెగతాళి పడెనో ఆ భాషనే తన గౌరవదినమున ముందు నిలిపెను.

1972 సెప్టెంబరు 30వ తేదీన ఇతడు తన 3,000వ దెబ్బ కొట్టెను. అంతకుముందు ఆ యాటలో ఆ సంఖ్యను జేరినవారు పదిమందియే. ఆ లీగు ఆటలలో అతడు కొట్టిన కడపటి దెబ్బయు నదియే యయ్యెను. ఆ శీతకాలమున అతడు ప్యూర్టో రికో యువకుల జట్టునకు మేనేజరుగా నికరాగువా దేశమునకు బోయి, అచ్చటి జనులతో స్నేహము గలిగించుకొని వచ్చెను. డిసెంబరు 23వ తేదీన ఆ దేశపు రాజధానియగు మనాగువాలో గొప్ప భూకంపము గలిగి వేలకొలది ప్రజలు మరణించిరి. క్లెమెంటే వెంటనే సహాయసంఘమునకు నాయకుడై, ఇల్లిల్లు తిరిగి, ఆహారమును, ఔషధములను, బట్టలను బ్రోగుచేసి విమానములలో బంపెను. పంపినవి దుఃఖితులకు జేరక, అధికారుల సైనికుల పాలగుచున్నవని వార్త వచ్చెను. తాను వెంటనున్నచో నట్లు జరుగదని తలచి, డిసెంబరు 31వ తేదీ రాత్రి, పండుగ దినమైనను భార్యాబిడ్డలను విడిచి, తానే విమానమెక్కెను. అది పాతది, మోయదగినదానికి మించిన బరువు దానిపై వేయబడెను. లేచిన కొద్ది నిమిషములకే అది సముద్రమున గూలెను. అందలి యైదుగురిలో నొక్కరును బ్రదుకలేదు. క్లెమెంటే దేహము దొరకలేదు. జట్టువాడును స్నేహితుడునగు మానీ సంగియెన్, సంస్మరణ సభకైనను బోక, ఆ నీళ్లలో మునిగి వెదకినవారితో గలిసి వెదకెను. క్లెమెంటేకు అప్పటికి ముప్పదియెనిమిదేండ్లు.

ఆటగాడు మానుకొన్న ఐదేండ్లకు గాని కీర్తిమందిరమున స్థానమియ్యరాదను నియమమును ఇతని విషయమున సడలించి, 1973లో 424 వోట్లలో 393 వోట్లతో ఇతనిని ఎన్నుకొనిరి. లాటిన్ అమెరికాకు జేరినవారిలో ఆ గౌరవము బొందిన ప్రథముడితడే. పిట్స్‌బర్గువారు ఇతడు ధరించిన 21వ సంఖ్యను మఱెవ్వరికిని ఈయకుండ నిలిపివేసిరి. ఆటతోపాటు పరోపకారము చేసిన క్రీడాకారునకు ఏటేట నిచ్చు బహుమానమునకు ఆ యేడే ఇతని పేరు పెట్టబడెను. బీదబాలు రాడుకొనుటకై తన యూర క్రీడానగర మొకటి కట్టింపవలెనని ఇతడు కన్న కల, మరణానంతరము విరాళములతో రూపము దాల్చెను.

విద్యార్థులారా! మిమ్ము గూర్చియు ఇట్టి వాదములు జరుగుచుండును. ఒకరు మిమ్ము మేధావులనవచ్చును; మఱియొకరు మందమతులనవచ్చును. ఆ రెండును నేటి లెక్కలు. మెచ్చినవారి మాటపై నిద్రింపకుడు, మెచ్చనివారి మాటలో నిజమైన లోపమున్నచో దానిని దీసికొని దిద్దుకొనుడు, తక్కినది విడువుడు. తల్లిదండ్రులకును, మా సహోపాధ్యాయులకును మేము మనవి చేయున దేమనగా, ఒక పరీక్షలో రెండు మార్కులు తక్కువైన బాలుని గూర్చి తీర్పు చెప్పుటకు ముందు, మాంట్రియల్‌లో దగులని యా యేడు దెబ్బలను జ్ఞప్తికి దెచ్చుకొందము గాక. మారిన్ వలె గుర్తించుటయు, సిస్లర్ వలె దిద్దుటయు, తప్పులు చేయుటకు గొంత కాలమిచ్చుటయు మన పనులు.

క్లెమెంటేను బరీక్షించినవారు అతని కాళ్లను జూచిరి, చేతులను జూచిరి, కన్నులను జూచిరి. వారి లెక్కలు కొన్ని నిజమయ్యెను, కొన్ని తప్పెను. పొరుగు దేశపు దుఃఖితులకై పండుగనాటి రాత్రి ఇల్లు విడిచిపోగల హృదయమును మాత్రము వారిలో నెవ్వరును లెక్కింపలేదు. చెఱకుతోటల నడుమ నొక కూలిమేస్త్రీ యింటను, ఇచ్చిన మాటను నిలుపుమని చెప్పిన తల్లి యొడిలోను అది పెరిగెను. అట్టి పెంపకము బీదయింటికిని అందుబాటులో నున్నదే.